ట్రేడ్ కాలిక్యులేటర్: కీపర్ లీగ్‌కు సగం పనిముట్టే

నెల్లూరులో, ఒంగోలులో స్నేహితులు పందెం లేకుండా నడుపుకునే అమెరికన్ ఫుట్‌బాల్ ఫ్యాంటసీ లీగులకు (అసలు ఆటగాళ్లతో ఊహా జట్లు కట్టి, వాళ్ల ఆటను బట్టి పాయింట్లు లెక్కేసుకునే పోటీలు) ఉచిత ట్రేడ్ కాలిక్యులేటర్లు, అంటే ఆటగాళ్లకు అంకెల్లో విలువ కట్టి మార్పిడి బేరం ఎవరికి లాభమో చెప్పే పనిముట్లు, పనికొస్తాయా? ఒక్క సీజన్ లీగుకైతే బాగానే. అదీ జట్ల సంఖ్య, పీపీఆర్ (పట్టిన ప్రతి పాసుకూ పాయింటు) సెట్టింగులు సరిచేశాకే. కొందరు ఆటగాళ్లను వచ్చే సీజనుకూ అట్టిపెట్టుకునే కీపర్ లీగులో మాత్రం ఆ అంకెను గుడ్డిగా నమ్మితే మునిగినట్టే. డ్రాఫ్టులో, అంటే ఆటగాళ్లను వంతులవారీగా ఎంచుకునేటప్పుడు, ఏ రౌండు వంతు వదులుకుని ఆటగాణ్ని అట్టిపెట్టుకుంటున్నారో చాలావాటికి పట్టదు.

ఆ లెక్క చేత్తో వేసుకోవాలి. డ్రాఫ్టులో 2వ రౌండుకే పోయే రన్నింగ్ బ్యాక్‌ను (బంతి పట్టుకుని పరుగెత్తే ఆటగాడు) మీరు 9వ రౌండు పెట్టి ఉంచుకోగలిగితే లాభం 7 రౌండ్లు. అతణ్నే 2వ రౌండు పెట్టి ఉంచుకోవాల్సొస్తే లాభం సున్నా. 13వ రౌండు వాణ్ని 15కి ఉంచుకోవడం లాభమే కాదు, అక్కడ అలాంటివాళ్లు బోలెడు మంది దొరుకుతారు.

ఇద్దరినిచ్చి ఒకణ్ని తెచ్చుకునే బేరంలోనూ తేడా కొడుతుంది. కాలిక్యులేటర్ విలువలు కూడేస్తుందంతే. ఇద్దరొచ్చిన జట్టు ఇంకొకణ్ని వదులుకోవాలని, కీపర్లు ముగ్గురే అయితే నాలుగోవాడు సీజన్ చివర్న చేజారతాడని చూడదు.

బేరమేదైనా ఆదివారం ఆటలకు ముందే తేల్చుకోండి. మామూలుగా మొదటి విడత మనకు రాత్రి 10:30కి, నవంబరులో అమెరికాలో గడియారం మారాక 11:30కి మొదలు.