బోరోసిల్ గాజుసామాను: జూనియర్ కళాశాల రసాయన ప్రయోగశాల నుంచి ఒక సమీక్ష

ఇంటర్మీడియట్ ప్రాక్టికల్ పరీక్షలు దగ్గరపడే ముందు ప్రతి జూనియర్ కళాశాలా బీకర్లు, కోనికల్ ఫ్లాస్కులు, బ్యూరెట్లు (అడుగున కొళాయి ఉండే కొలత గొట్టాలు) కొనుగోలు చేస్తుంది. కొటేషన్లు వస్తాయి, అన్నిటికన్నా తక్కువ ధర రాసిన దుకాణానికి ఆర్డరు వెళుతుంది. పదహారు, పదిహేడేళ్ల పిల్లలు ఆ గాజును వేడి ఆమ్లంతో సహా చేత్తో పట్టుకుంటారన్న సంగతి ఆ కొటేషన్లలో ఎక్కడా కనిపించదు. మా ప్రయోగశాలలో చాలాకాలంగా వాడుతున్న బోరోసిల్ సామానును, మధ్యమధ్య చవకగా దొరికిందని తెచ్చిన పేరులేని సోడా గాజుతో పోల్చి, ముఖ్యంగా విద్యార్థుల భద్రత దృష్టితో ఈ సమీక్ష రాస్తున్నాను.

బోరోసిల్ సంస్థ 1962లో అమెరికాకు చెందిన కార్నింగ్ సహకారంతో మన దేశంలో మొదలైంది. 1915లో పైరెక్స్ పేరుతో కార్నింగ్ అమ్మకానికి తెచ్చిన గాజు, అంతకుముందే జర్మనీలోని యేనాలో ఒట్టో షాట్ రూపొందించిన గాజు కూడా బోరోసిల్ వాడే బోరోసిలికేట్ గాజు కుటుంబానికి చెందినవే. బోరోసిలికేట్ గాజులో దాదాపు 80 శాతం సిలికా, 13 శాతం బోరిక్ ఆక్సైడ్ ఉంటాయి. ఒక డిగ్రీ వేడికి ఇది పొడవులో పది లక్షల్లో 3.3 వంతులు మాత్రమే వ్యాకోచిస్తుంది. మామూలు సోడా గాజు సుమారు 9 వంతులు వ్యాకోచిస్తుంది. ఈ తేడా వల్ల ఏం జరుగుతుందో ప్రయోగశాలలో ఒక్క పూట నిలబడి చూస్తే చాలు.

పొటాషియం పర్మాంగనేట్‌తో ఆక్జాలిక్ ఆమ్లాన్ని అంశమాపనం (టైట్రేషన్) చేసేటప్పుడు, సజల సల్ఫ్యూరిక్ ఆమ్లం కలిపిన ద్రావణాన్ని కోనికల్ ఫ్లాస్కులో 60–70 డిగ్రీల దాకా వేడి చేసి, రంగు మార్పు స్పష్టంగా కనబడేందుకు బ్యూరెట్ కింద పరిచిన తెల్ల టైలు మీద పెడతారు. అంతకుముందు ఎవరో ఆ టైలు మీద నీళ్లు ఒలికించి ఉంటారు. అడుగు ఒక్కసారిగా చల్లబడి కుంచించుకుపోతుంటే పై గోడ ఇంకా వేడిగానే ఉంటుంది గనుక, సోడా గాజు ఫ్లాస్కు అడుగు గుండ్రంగా ఊడి, వేడి ఆమ్లం బల్ల మీదకూ పిల్లల దుస్తుల మీదకూ వస్తుంది. ఇదే తప్పు జరిగినా బోరోసిలికేట్ ఫ్లాస్కు చాలాసార్లు తట్టుకుంటుంది. చాలాసార్లు అంటున్నాను గానీ ఎప్పుడూ అనడం లేదు. గీతలు పడిన ఫ్లాస్కు, అడుగు మరీ మందంగా ఉన్న పాత్ర ఏ గాజుదైనా పగలవచ్చు. మందమైన గాజు గట్టిదన్న నమ్మకం పిల్లల్లోనే కాదు, కొనేవారిలో కూడా బలంగా ఉంది. వేడి విషయంలో మాత్రం పలుచగా, అంతటా ఒకే మందంతో ఉన్న గోడే నయం, ఎందుకంటే మందం పెరిగేకొద్దీ లోపలి వైపుకూ వెలుపలి వైపుకూ ఉష్ణోగ్రత తేడా పెరుగుతుంది. కనుక టైలు మీద పొడిగుడ్డ మడిచి వేయడం, బర్నరుకూ పాత్రకూ మధ్య తీగవల ఉంచడం, కొలజాడీని, స్టాండర్డ్ ఫ్లాస్కును మంట దగ్గరకు తీసుకుపోకపోవడం బోరోసిల్ కొన్నాక కూడా తప్పనిసరి.

దుకాణంలో పేరు ముద్రించి ఉన్నంత మాత్రాన నమ్మనక్కరలేదు. ముక్కలైన ఒక గాజు కడ్డీనో, చిన్న పరీక్షనాళికనో గ్లిజరిన్‌లో ముంచి చూడండి. బోరోసిలికేట్ వక్రీభవన గుణకం (కాంతిని వంచే మేర) గ్లిజరిన్‌కు దాదాపు సమానంగా 1.47 ఉండటంతో ముంచిన భాగం కంటికి ఆనదు, 1.52 దగ్గర ఉండే సోడా గాజు అంచులు స్పష్టంగా కనిపిస్తూనే ఉంటాయి. గ్లిజరిన్ లేకపోతే పొద్దుతిరుగుడు నూనె కూడా పనికొస్తుంది. భౌతికశాస్త్ర విభాగంలో రెండు పోలరాయిడ్ పలకలు ఉంటే, రెండిటి గుండా చూస్తే చీకటిగా కనిపించేలా ఒకదాన్ని తిప్పి అమర్చి మధ్యలో పాత్రను పెట్టినప్పుడు వెలుగు మచ్చలు కనబడిన చోట లోపలి ఒత్తిడి మిగిలి ఉందని అర్థం. అలాంటి పాత్రను తిప్పి పంపేయడమే మంచిది.

బ్యూరెట్ల విషయంలో నా అభిప్రాయం మరింత గట్టిది. కచ్చితత్వాన్ని బట్టి 50 మి.లీ. బ్యూరెట్‌కు ఎ తరగతిలో 0.05 మి.లీ., బి తరగతిలో 0.1 మి.లీ. తేడాను అనుమతిస్తారు. ఇంటర్ విద్యార్థికి బి తరగతి సరిపోతుంది. మిగిలిన డబ్బును కొళాయి మీద పెట్టాలి. గాజు కొళాయిలో సోడియం హైడ్రాక్సైడ్ నిలిస్తే అది బిగుసుకుపోతుంది, బలవంతంగా తిప్పినప్పుడు కాడ విరిగి అరచేతిలో దిగుతుంది. రబ్బరు గొట్టం, క్లిప్పు ఉన్న బ్యూరెట్ క్షారానికి బాగుంటుంది గానీ పర్మాంగనేట్ రబ్బరును తినేస్తుంది. టెఫ్లాన్ కొళాయి ఉన్న బ్యూరెట్‌లో ఈ రెండు ఇబ్బందులూ లేవు, గ్రీజు కూడా అక్కరలేదు. బోరోసిల్ శ్రేణిలో నేను మొదట సిఫారసు చేసేది ఇదే.

ఎంత మంచి గాజైనా కాపాడలేని పని ఒకటి ఉంది: రబ్బరు బిరడాలో గాజు గొట్టాన్ని దూర్చడం. గొట్టం అంచును మంటలో నునుపు చేసి, నీరో గ్లిజరినో రాసి, చేతికి మందపాటి గుడ్డ చుట్టుకుని, బిరడాకు దగ్గరగా పట్టుకుని మెల్లగా తిప్పుతూ దింపాలి. దూరంగా పట్టుకుని నెడితే గొట్టం మధ్యలో విరిగి నేరుగా చేతిలోకి వస్తుంది. పిపెట్‌కు రబ్బరు బల్బు తొడిగేటప్పుడు కూడా పై చివరకు దగ్గరగానే పట్టుకోవాలి.

ఒక ఫిర్యాదు ఉంది, అది తయారీ మీద కాదు. మాకు సరఫరా చేసిన ఒక దుకాణం బీకర్లను ఒకదానిలో ఒకటి దూర్చి, మధ్య ఒక్క పొర పాత పేపరు పెట్టి పంపింది. పగలలేదు గానీ లోపలి గోడలన్నీ గీతలు పడ్డాయి. గాజు బలం దాని ఉపరితలంలో ఉంటుంది, ప్రతి గీతా రేపటి పగులుకు మొదలు. అందుకే ఆ పెట్టెను వెనక్కి పంపాం. వెంట్రుకలు రాలిపోయి తీగ బయటపడిన బ్రష్షు కూడా కడిగిన ప్రతిసారీ ఇదే హాని చేస్తుంది కనుక దాన్ని ఆ రోజే పారేయించాలి. పగిలిన ముక్కలను చేత్తో కాక చీపురు, చేటతో ఎత్తి, గట్టి అట్టపెట్టెలో వేసి, పైన పెద్ద అక్షరాలతో రాసి ఇవ్వాలి. వాటిని మోసే పారిశుద్ధ్య కార్మికుడికి లోపల ఏముందో తెలిసే హక్కుంది.

ధర సోడా గాజు కన్నా స్పష్టంగా ఎక్కువే. నిధులు తక్కువగా ఉన్న కళాశాలలు ముందు మంట మీద పెట్టే కోనికల్ ఫ్లాస్కులు, బీకర్లు, ఆ తర్వాత టెఫ్లాన్ కొళాయి బ్యూరెట్లు బోరోసిల్‌లో తీసుకోవచ్చు. తరచుగా బల్ల మీద నుంచి దొర్లిపడే కొలజాడీలను మాత్రం పాలీప్రొపిలీన్ ప్లాస్టిక్‌లో కొనడమే మేలు.