ఊరి మిద్దె నుంచి చీనీ తోటకి: 2.4 మేలా, 5.8 మేలా?

అనంతపురం వైపు చీనీ తోటల్లో, మోటారు దగ్గర సీసీ కెమెరా పెట్టాలనుకునే వాళ్లకి ఈ ప్రశ్న తప్పదు. ఊళ్లోని నెట్‌ను 5 కిలోమీటర్ల అవతలికి రేడియోతో పంపాలంటే 2.4 గిగాహెర్ట్జా, 5.8ఆ? నేనైతే 5.8 అంటాను.

2.4కి ఉన్న బలం, అదే దూరానికి సిగ్నల్ నష్టం దాదాపు 7.7 డెసిబెల్స్ (సిగ్నల్ బలం తేడాని కొలిచే లెక్క) తక్కువ. కానీ ఊళ్లో వైఫైలు ఎక్కువగా అక్కడే గుమిగూడతాయి. ఒకదాన్నొకటి తగలని ఛానెళ్లు మూడే: 1, 6, 11. పైగా 2.4కి, రెండు డిష్‌లని నేరుగా కలిపే గీత చుట్టూ ఖాళీ ఎక్కువ కావాలి. ఆ గీత చుట్టూ సిగ్నల్ పరుచుకునే జాగాని ఫ్రెనెల్ జోన్ అంటారు. దాని వ్యాసార్థం లింకు నడుమ 2.4కి 12.5 మీటర్లు, 5.8కి 8 మీటర్లు. అందులో 60 శాతమైనా ఖాళీ ఉండాలి. దారిలో ఒక్క చింతచెట్టు ఉన్నా ఆ తేడా పోలు ఎత్తులో, ఖర్చులో తెలిసిపోతుంది.

లింకు కలిసింది కదా అని బోల్టులు బిగించేయకండి. 5.8లో పంపే పవర్ 13 డీబీఎం (సిగ్నల్ బలాన్ని చెప్పే కొలత), రెండు వైపులా 23 డీబీఐ (డిష్ సిగ్నల్‌ను ఒకవైపుకి ఎంత కూడదీస్తుందో చెప్పే కొలత) డిష్‌లు ఉంటే లెక్క ప్రకారం అవతల సిగ్నల్ మైనస్ 63 డీబీఎం దగ్గర రావాలి. మైనస్ 80 చూపిస్తోందంటే డిష్ పక్క లోబ్ (అసలు కిరణం పక్కన వచ్చే బలహీనమైన కిరణం) మీద ఆగి ఉండొచ్చు. ఒకరు డిష్‌ను కొద్దికొద్దిగా ఎడమకీ కుడికీ, తర్వాత పైకీ కిందికీ తిప్పాలి. అవతల ఒకరు ఫోన్లో అంకె చదువుతూ ఉండాలి. ఆ తర్వాతే ఐపెర్ఫ్ అనే స్పీడ్ కొలిచే ప్రోగ్రామ్‌తో రెండు దిక్కులా స్పీడ్ చూడండి.

దూరం తక్కువై, ఆకుల అడ్డు తప్పకపోతే మాత్రం 2.4 పెట్టుకోండి.