మూడు బంతుల స్పైరోమీటర్: సగం పని ఇది చేస్తుంది, మిగతా సగం జోలపాట

గొట్టంతో గాలి పీలిస్తే డబ్బాలో బంతులు పైకి లేచే ఊపిరి సాధన పరికరం ఇది. కోవిడ్ రెండో అలప్పుడు చాలా ఇళ్లలోకి వచ్చి, ఆ తర్వాత అటకెక్కింది. కడప రిమ్స్ దగ్గర మందుల షాపుల్లో అడిగితే ఇస్తారు. కంపెనీని బట్టి రెండు మూడు వందలు. న్యుమోనియా నుంచి తేరుకునేవాళ్లకీ, సంగీతం సాధన చేసేవాళ్లకీ కూడా పనికొస్తుంది, వాడే తీరు తెలిస్తే.

సెకనుకి 600 మిల్లీలీటర్ల చొప్పున గాలి పీలిస్తే మొదటి బంతి లేస్తుంది, 900కి రెండోది, 1200కి మూడోది. అంటే ఇది చూపేది గాలి వేగమే, లోపల ఎంత గాలి నిండిందో కాదు. చాలామంది పొరబడేది ఇక్కడే. ఒక్క గుంజు గుంజితే మూడూ టక్కున పైకి పోతాయి, ఊపిరితిత్తుల అడుగుకి మాత్రం గాలి చేరదు. పైగా అలా వరసగా గుంజితే కళ్లు తిరగొచ్చు.

నిటారుగా కూర్చోండి. డబ్బా నిలువుగా ఉండాలి, వంగితే బంతి తేలిగ్గా లేచిపోతుంది. మామూలుగా ఊపిరి వదిలి, గొట్టం చుట్టూ పెదాలు బిగించి మెల్లగా పీల్చండి. మొదటి బంతి పైన నిలవాలి, రెండోది లేచినా మంచిదే, మూడోది కిందే ఉండాలి. పీల్చడం అయ్యాక మూడు నుంచి ఐదు సెకన్లు ఊపిరి బిగబట్టి, గొట్టం తీసి వదలండి. విడతకి పది సార్లు చాలు. ఒక చెయ్యి పొట్ట మీద పెట్టుకోండి: పొట్ట కదలకుండా భుజాలు లేస్తుంటే ఆ పీల్పు లెక్కలోకి రాదు.

లోటు ఏమిటంటే, ఇది పీల్చడమే నేర్పుతుంది. పాటకి కావాల్సింది మెల్లగా, సమంగా వదలడం. ఆయాసపడేవాళ్లకి కావాల్సిందీ అదే. లండన్‌లో ఇంగ్లిష్ నేషనల్ ఒపేరా 2020లో ఒక ఆసుపత్రి ట్రస్టుతో కలిసి, కోవిడ్ తర్వాత ఆయాసం తగ్గనివాళ్లకి జోలపాటలతోనే ఊపిరి సాధన చేయించింది. 2022లో వచ్చిన పరీక్ష ఫలితాల్లో మనసుకి సంబంధించిన మార్కులు మెరుగయ్యాయి, శరీరానికి సంబంధించిన మార్కుల్లో చెప్పుకోదగ్గ తేడా లేదు. అంతకుమించి ఆశ పెట్టుకోకూడదు.

తాళ్లపాక ఉన్న ఈ సీమలో జోలపాటకి కొదవేముంది! అన్నమయ్య జోలని వాడుకలో నవరోజు రాగంలో పాడతారు. నవరోజు మంద్ర పంచమం (కింది స్థాయి ప) నుంచి మధ్య పంచమం (నడిమి స్థాయి ప) దాకానే తిరుగుతుంది, తారస్థాయికి, అంటే పై స్వరాలకి పోదు. అందువల్ల గొంతు మీదా ఛాతీ మీదా ఒత్తిడి తక్కువ. అన్నమయ్య కీర్తనలు చెక్కిన రాగిరేకుల్లో రాగం పేరే ఉంది, స్వరాలు లేవు కాబట్టి ఊపిరి తీసుకునే చోటు సాహిత్యమే చెప్పాలి. మాట మధ్యలో తెంపకుండా, "జోజో" అయ్యాక తీసుకోండి. అది కుదిరాక సరళి (సంగీతంలో తొలి పాఠం) మొదటి వరస, మొదటి కాలంలో, అంటే నెమ్మది నడకలో: స నుంచి పై స దాకా ఎక్కే ఆరోహణ ఎనిమిది అక్షరాలూ ఒక ఊపిరి, దిగే అవరోహణ ఇంకో ఊపిరి. ఒక్కో స్వరాన్ని రెండేసి సార్లు నొక్కి పాడే జంట స్వరాలకి తొందరపడొద్దు, ఆ నొక్కులకి దగ్గు తన్నుకురావచ్చు.

ఛాతీలో నొప్పి, దగ్గులో రక్తం ఉంటే బంతులూ వద్దు, పాటా వద్దు, ముందు డాక్టరు దగ్గరికి పోండి. నోట్లో పెట్టుకునే గొట్టం ఒకరిది ఒకరు వాడకూడదు. దాన్ని గోరువెచ్చని సబ్బునీళ్లతో కడిగి ఆరబెట్టాలి, మరిగించకూడదు. డబ్బాలో తడి మిగిలితే బంతి అతుక్కుంటుంది. కొనేటప్పుడు మడతల పైపుని సాగదీసి చూడండి, సన్న చీలిక ఉన్నా గాలి పోయి బంతి లేవదు.