లావు పట్టున్న చవక ఫౌంటెన్ పెన్ను: జిన్‌హావ్ ఎక్స్159, దాని పక్కన మరికొన్ని

లావుపాటి ఫౌంటెన్ పెన్ను కోసం వెతికేవాళ్లు ముందుగా చూసేవి రెండు అంకెలు: పొడవు, గొట్టం వ్యాసం. ఆ రెండింటితో చేతికి పెద్దగా పనిలేదు. రాసేటప్పుడు వేళ్లు ఆనేది గొట్టం మీద కాదు, పాళీకీ మూత మరలకీ మధ్యనున్న పట్టు మీద. గొట్టం 15 మి.మీ. ఉండి, పట్టు దగ్గరికొచ్చేసరికి 10 మి.మీ.కి సన్నబడిపోయే పెన్నులు బోలెడున్నాయి. అవి జేబులో లావు, వేళ్లలో మామూలే. అమ్మేవాళ్లు ఇచ్చే వివరాల్లో ‘వ్యాసం’ అని ఒక్క అంకే ఉంటే అది మూతదో గొట్టానిదో అయ్యుంటుంది. పట్టు దగ్గర ఎంత అని విడిగా అడగాలి.

ఎంత లావు కావాలో కొనకముందే ఇంట్లో తేల్చుకోవచ్చు. మామూలు పెన్సిలు 7 మి.మీ. ఉంటుంది. 80 జీఎస్ఎమ్ కాగితం (మామూలు ప్రింటర్ కాగితం) మందం దాదాపు 0.1 మి.మీ. ఆ కాగితాన్ని రెండంగుళాల వెడల్పు పట్టీలుగా కత్తిరించి పెన్సిలు చుట్టూ గట్టిగా చుట్టండి. పట్టీల మొత్తం పొడవు 40 సెం.మీ. అయితే 10 మి.మీ. లావు వస్తుంది. 57 సెం.మీ.కి 11, 75కి 12, 94కి 13 మి.మీ. వదులుగా చుడితే లెక్క తప్పుతుంది కాబట్టి చివర జిగురు టేపు వేసి, స్కేలుతో ఒకసారి సరిచూసుకోండి. ఒక్కో లావుతో అరపేజీ రాసి చూస్తే మీ చేయి ఎక్కడ కుదుటపడుతుందో తెలిసిపోతుంది. చేతిలో ఇప్పటికే ఉన్న పెన్ను కొలవాలంటే వేళ్లు ఆనే చోట సన్నటి కాగితం ముక్క ఒక చుట్టు చుట్టి, ఆ పొడవుని 3.14తో భాగించండి. 38 మి.మీ. వస్తే 12 మి.మీ. పట్టు అన్నట్టు.

9 మి.మీ. లోపు పట్టు సన్నం కింద లెక్క. పైలట్ మెట్రోపాలిటన్ లాంటివి ఈ బాపతు. 10, 11 మధ్యస్థం. 12, 13 నిజంగా లావు. 14 దాటితే చేయి పెద్దదైతే తప్ప మంచిది కాదు: పట్టు సుఖంగానే ఉంటుంది కానీ చిన్న మలుపులు అదుపు తప్పుతాయి. తెలుగు రాసేవాళ్లకి ఈ సంగతి తొందరగా బయటపడుతుంది. ఒత్తులు పెద్దవై కింది గీత మీదకి జారతాయి, ‘ఘ’ కీ ‘ఝ’ కీ చోటు చాలదు.

ఇక అసలు పెన్ను. చవకలో లావు పట్టు అంటే ఇప్పుడు ముందుగా చెప్పాల్సిన పేరు చైనా కంపెనీ జిన్‌హావ్ చేసే ఎక్స్159. ఆకారం చూడగానే ఖరీదైన మోబ్లాఁ 149 పెన్ను గుర్తొస్తుంది, అది కావాలని చేసిన పోలికే. మోబ్లాఁది బంగారు పాళీ, పిస్టన్‌తో ఇంకు లాగే ఏర్పాటు. ఇక్కడ ఉక్కు పాళీ, కన్వర్టర్ (పిడి తిప్పితే ఇంకు లాగే, ఊడదీయగలిగే చిన్న గొట్టం). ధరలో కొండంత తేడాకి ఇవీ ఒక కారణం. ఉక్కు పాళీ అనగానే తక్కువచూపు అక్కర్లేదు. బంగారు పాళీకైనా ఉక్కు పాళీకైనా కాగితాన్ని తాకే మొన మీద అతికించేది వేరే గట్టి మిశ్రలోహమే. నునుపుగా రాయడమన్నది ఆ మొనని ఎంత శుభ్రంగా అరగదీశారన్న దాన్నిబట్టి ఉంటుంది.

ఎక్స్159 పట్టు సుమారు 12 మి.మీ. పైన, పాళీ వైపు కాస్త సన్నబడి చివర చిన్న అంచుతో ఆగుతుంది. వేలు ఇంకులోకి జారకుండా ఆ అంచు ఆపుతుంది. ఒళ్లంతా ప్లాస్టిక్కే కాబట్టి మూతతో కలిపి బరువు సుమారు 30 గ్రాములు. ఎక్స్ లేని పాత 159 ఇత్తడి ఒళ్లుది, 50 గ్రాముల దగ్గర తూగుతుంది. పేర్లు ఒకేలా ఉండటంతో ఒకటనుకుని ఇంకోటి తెప్పించుకునేవాళ్లు తక్కువేం కాదు. చిన్న సంతకాలకి బరువు హుందాగా అనిపిస్తుంది. నాలుగు పేజీలు రాయాల్సొస్తే మణికట్టు మొరపెడుతుంది. పొడుగ్గా రాసేవాళ్లకి ఎక్స్159 మాత్రమే. మూత తీసి వెనక తగిలిస్తే మాత్రం తోక బరువై పెన్ను వెనక్కి లాగుతుంది. మూత లేకుండానే బొటనవేలి మొదట్లో ఆనేంత పొడవుంది కనుక మూతని బల్ల మీద పెట్టేయడమే మేలు.

దీని పాళీ 8వ నంబరుది. బొమ్మల్లో జనాన్ని ఆకట్టుకునేది ఈ పాళీయే, జాగ్రత్తగా చూడాల్సిందీ దీన్నే. పెద్ద పాళీ అంటే వేళ్లకీ కాగితానికీ మధ్య దూరం పెరగడం. వేళ్లు కాగితానికి దగ్గరగా పెట్టి రాసే అలవాటున్నవాళ్లకి మొదట్లో అక్షరం పెద్దదవుతుంది, గీత కొంచెం వణుకుతుంది. పట్టు మాత్రమే లావు కావాలి, దూరం వద్దు అనుకుంటే 6వ నంబరు పాళీ ఉన్న పెన్ను చూసుకోవాలి. పాళీ నంబరుకీ పట్టు లావుకీ సంబంధం లేదన్నది ఈ మొత్తం వ్యవహారంలో ఎక్కువమంది పొరబడే చోటు.

పాళీ మొనలో ఫైన్ (సన్న గీత), మీడియం (మధ్యరకం గీత) రెండూ దొరుకుతాయి. తెలుగుకి ఫైన్ తీసుకోండి. ఇంత పెద్ద ఫీడ్ (పాళీ కింద ఉండి మొనకి ఇంకు అందించే ముక్క) ఇంకుని ధారాళంగానే వదులుతుంది కాబట్టి మీడియం గీత పలచటి నోటుపుస్తకాల మీద అలుక్కుపోయి, సున్నా నిండిపోయి చుక్కలా మారుతుంది. ఇంకు కూడా మరీ తడిగా పారేది కాకుండా మధ్యరకం చూసుకోవాలి.

ఇంకు నింపడంలో ఒక చిక్కుంది. పాళీ మొత్తం, పట్టు అంచు దాకా ఇంకులో మునిగితేనే కన్వర్టర్ గాలి పీల్చకుండా నిండుతుంది. 8వ నంబరు పాళీ అంత లోతు మునగాలంటే సీసా నిండుగా ఉండాలి, మూతి వెడల్పుగా ఉండాలి. సగమైన సీసాతో ఇది సాగదు. సూది మొన మొద్దుగా ఉండే సిరంజి ఒకటి తెచ్చుకుంటే గొడవుండదు: కన్వర్టర్ ఊడదీసి, నేరుగా అందులోకి ఇంకు పోసి, తిరిగి బిగించి, పాళీ కిందికి పెట్టి మొన దగ్గర చుక్క కనిపించేదాకా పిడి తిప్పండి. తర్వాత పాళీ పైకెత్తి పిడిని కొంచెం వెనక్కి తిప్పితే ఫీడ్‌లో మిగిలిన అదనపు ఇంకు లోపలికి పోతుంది. ఈ చివరి మెట్టు వదిలేస్తే మొదటి పేజీ మీద మచ్చ ఖాయం.

కన్వర్టర్‌లో పట్టేది ముప్పావు మి.లీ. లోపే. ఇంత పెద్ద పెన్నుకి ఇది చిన్న కడుపు. రోజంతా రాసేవాళ్లు రోజూ నింపుకోవాల్సిందే. పైగా కొన్నిసార్లు ఇంకు కన్వర్టర్ వెనక కొసకి అంటుకుని ముందుకి రాదు. ఇంకు ఉండగానే పెన్ను ఎండిపోయిందంటే ముందు అనుమానించాల్సింది దీన్నే. లోపల చిన్న స్టెయిన్‌లెస్ స్టీల్ గుండు ఒకటి వేస్తే అది అటూఇటూ కదిలి ఇంకుని దింపుతుంది. కార్ట్రిడ్జ్‌లు (ముందే ఇంకు నింపి అమ్మే గొట్టాలు) కొనేముందు మూతి కొలత చూసుకోండి: చైనా పెన్నుల్లో 2.6 మి.మీ. మూతివీ, 3.4 మి.మీ. మూతివీ రెండు రకాలు తిరుగుతున్నాయి, ఒకదాంట్లో ఇంకోటి ఇమడదు.

గొట్టం నిండా ఇంకు పోసి ఐడ్రాపర్‌లా వాడొచ్చా అని అడుగుతుంటారు. ఏ పెన్నుకైనా పరీక్ష ఒకటే: గొట్టానికి ఎక్కడా రంధ్రం ఉండకూడదు, ఇంకు తగిలే చోట లోహం ఉండకూడదు. మరల దగ్గర ఇత్తడి తొడుగు కనిపిస్తే ఆ ఆలోచన మానుకోండి, తుప్పు పట్టి ఇంకు చెడుతుంది. అన్నీ బాగుంటే మరలకి సిలికాన్ గ్రీజు పలచగా రాసి, చిన్న రబ్బరు రింగు వేసి బిగించాలి. పెట్రోలియం జెల్లీ వద్దు, అది రబ్బరుని ఉబ్బిస్తుంది. అప్పుడు కూడా ఇంకు మూడోవంతుకి తగ్గాక చేతి వేడికి లోపలి గాలి వ్యాకోచించి పాళీ దగ్గర చుక్క రాలుస్తుంది. లావు పెన్నులో గాలి ఎక్కువ పడుతుంది కనుక రాలే చుక్కా పెద్దదే. సగానికి రాగానే నింపుకోవడం ఒక్కటే దారి.

చవక పెన్ను కొన్నప్పుడు అసలు జూదం పాళీ దగ్గర. పెట్టె విప్పగానే ఇంకు పోయకండి. గోరువెచ్చని నీళ్లలో గిన్నెలు తోమే సబ్బు ఒక చుక్క కలిపి కన్వర్టర్‌తో పదిసార్లు లాగి వదలండి, తర్వాత మామూలు నీళ్లతో సబ్బు పోయేదాకా కడగండి. తయారీలో మిగిలిన నూనె ఫీడ్‌లో ఉంటే ఇంకు ఆగి ఆగి వస్తుంది. కొత్త పెన్నుల మీద వచ్చే ఫిర్యాదుల్లో చాలా భాగం ఈ కడుగుడుతోనే తీరిపోతాయి.

కడిగాక కూడా కాగితాన్ని గీరుతుంటే, పది రెట్లు పెద్దగా చూపే భూతద్దంతో మొనని ఎదురుగా చూడండి. చీలికకి రెండు వైపులా ఉన్న రెక్కలు ఒకే ఎత్తులో ఉండాలి. ఒకటి కిందికి దిగి ఉంటే పెన్ను ఒక వైపు గీతల్లోనే గరగరమంటుంది. దిగిన రెక్కని గోటితో పైకి నెమ్మదిగా ఎత్తి, రెండు క్షణాలు ఆపి వదలండి. చూడండి, మళ్లీ చేయండి. ఒకేసారి బలంగా ఎత్తితే చీలిక తెరుచుకుని ఇంకు వరదలా వస్తుంది. రెక్కలు సమంగానే ఉండి, నునుపుగానే రాస్తూ, ప్రతి మాట మొదటి గీత మాత్రం ఎగిరిపోతోందంటే జబ్బు వేరు. మొన లోపలి అంచులు మరీ గుండ్రంగా అరిగిపోయి ఇంకు కాగితాన్ని అందుకోవడం లేదు. దీనికి సన్నటి మైక్రోమెష్ (మెరుగు పెట్టడానికి వాడే అతి నునుపైన రాపిడి గుడ్డ) మీద చుక్క ఇంకుతో ఎనిమిది అంకె ఆకారంలో కొద్దిగా తిప్పడం మందు. చేయి తిరగనివాళ్లు పాళీ మార్పించుకోవడమే నయం. మామూలు ఉప్పుకాగితం దగ్గరికి కూడా రానివ్వకండి.

మూత సంగతి వెంటనే తేలదు. మూతలోకి గాలి దూరుతుంటే పాళీ ఎండుతుంది. ఇంకు నింపి, బాగా రాస్తోందని చూసుకుని, మూత పెట్టి పాళీ పైకి ఉండేలా రెండు రోజులు నిలబెట్టండి. తీయగానే మొదటి గీత పడితే మూత మంచిదే. మూత మరీ బిగించి తిప్పితే అంచు దగ్గర సన్నటి బీట పుడుతుంది. ప్లాస్టిక్ పెన్నులు ఎక్కువగా అక్కడే పోతాయి. ఆగిన చోట ఆపేయాలి.

జిన్‌హావ్‌లోనే 9019 అనే మరో లావు పెన్నుంది. అదే 8వ నంబరు పాళీ, పెద్ద కన్వర్టర్, పారదర్శకమైన గొట్టం. ఎక్స్159 కడుపు చిన్నదనిపించినవాళ్లు అటు చూడొచ్చు. ఎక్స్750 చవకే, 6వ నంబరు పాళీ, నొక్కితే మూసుకునే మూత, కానీ లోహపు ఒళ్లు బరువు, పట్టు మధ్యస్థమే. ట్విస్‌బీ ఈకో పిస్టన్ పెన్ను, ఒకటిన్నర మి.లీ. పైనే ఇంకు పట్టుకుంటుంది, పాళీలు కొంత నమ్మకంగా వస్తాయి. పట్టు మాత్రం మధ్యస్థం దాటదు. 1980 నుంచీ అమ్ముడవుతున్న లామీ సఫారీకి మూడు పలకల పట్టు. వేళ్లు అది చెప్పిన చోటే పెట్టాలి. కుదిరినవాళ్లకి లావు పెన్ను అవసరమే తీరిపోతుంది, కుదరనివాళ్లకి పేజీ తిరిగేసరికి వేళ్లు నొక్కుకుపోతాయి. మధ్యేమార్గం లేని పెన్ను అది.

ఇంకొంచెం ఎక్కువ పెట్టగలిగితే ఓపస్ 88 డెమాన్‌స్ట్రేటర్. వెడల్పు పట్టు, గొట్టంలోకే 3 మి.లీ. పైన ఇంకు, వెనక పిడి బిగిస్తే ఇంకు దారి మూసుకుపోయే ఏర్పాటు. ప్రయాణాల్లో కారదు. ఎక్కువసేపు రాసేటప్పుడు పిడిని రెండు మూడు మి.మీ. వదులు చేసి ఉంచాలి, లేకపోతే ఒకటి రెండు పేజీల్లో ఫీడ్ ఎండి పెన్ను పాడైందనుకుంటారు. లేత్ మీద చేత్తో తీసే ఎబొనైట్ (గట్టి రబ్బరు) పెన్నుల్లో పట్టు లావు మీరు చెప్పినంత పెట్టించుకోవచ్చన్నది పెద్ద సౌకర్యం. చెమట చేతుల్లో కూడా జారదు. వేడినీళ్లు, ఎండ తగిలితే రంగు వెలుస్తుంది, కొత్తలో రబ్బరు వాసన వస్తుంది.

ఉన్న సన్న పెన్నుకే పెన్సిళ్లకి తొడిగే రబ్బరు తొడుగు వేసుకుంటే చాలదా అంటే, లావు వస్తుంది, మూత పట్టదు. మూత పెట్టలేని ఫౌంటెన్ పెన్ను గంటలో ఎండుతుంది.

ఆన్‌లైన్‌లో తెప్పించుకుంటే కడుగుడు, రెక్కల పరీక్ష, రెండు రోజుల మూత పరీక్ష, మూడూ వాపసు గడువు లోపలే ముగించండి. కడిగే ముందు పాళీ మొనకి, పట్టు అంచుకి దగ్గరగా ఫోటోలు తీసి ఉంచుకోండి. ఇంకు మరకలున్న పెన్నుని చాలామంది అమ్మకందార్లు వెనక్కి తీసుకోరు కాబట్టి తేడా కనిపించిన వెంటనే నీళ్లతో కడిగి ఆరబెట్టాకే పెట్టెలో పెట్టాలి.