తేలు గుర్తు కారు: ఒంగోలులో కొన్న పాత అబార్త్ పుంటో, దాదాపు ఐదేళ్ల తర్వాత

2021 సంక్రాంతికి ముందు వారం ఒంగోలులో 5,10,000 రూపాయలకు కొన్నాను. 2016 మోడల్ ఫియట్ అబార్త్ పుంటో, అంటే ఫియట్ వాళ్ల స్పోర్ట్స్ బ్రాండు అబార్త్ పేరుతో వచ్చిన జోరు పుంటో. అప్పటికి 29 వేల కిలోమీటర్లు తిరిగింది, ఇప్పుడు మీటరు 81 వేలు దాటింది. కాబట్టి ఇది మొదటి నెల మోజులో రాస్తున్నది కాదు.

దీన్ని స్పోర్ట్స్ కారు అనొచ్చా? రెండు డోర్లతో నేలకు అంటుకుపోయే రకమైతే కాదు. చూడ్డానికి మామూలు పుంటోనే, కాకపోతే ఒంటి మీద ఎర్ర గీతలు, ముందు అబార్త్ తేలు గుర్తు. బానెట్ కింద మాత్రం 1.4 లీటర్ల టీ-జెట్ టర్బో పెట్రోల్ ఇంజిను, 145 గుర్రాల శక్తి, 212 న్యూటన్ మీటర్ల టార్క్. నాలుగు చక్రాలకూ డిస్క్ బ్రేకులు. 2015 అక్టోబరులో వచ్చినప్పుడు ఢిల్లీ ఎక్స్-షోరూమ్ ధర 9.95 లక్షలు. మా నాయన మొదటిసారి చూసి, "ఐదు లచ్చలు పోసి తేలును కొనుక్కొచ్చినావా?" అన్నాడు.

నెల్లూరోళ్లం ఏం కావాలన్నా ముందు మద్రాసు వైపే చూస్తాం. పెళ్లి చీరైనా, గుండె ఆపరేషనైనా, సెకండ్ హ్యాండ్ కారైనా. నేనూ అక్కడికే పోయాను. ఒక బ్రోకర్ తళతళలాడే కారు చూపించి 4.40 లక్షలు అన్నాడు. ధర వినగానే సగం పడిపోయాను. 2015 నవంబరు రిజిస్ట్రేషన్ అని ఆర్‌సీలో చూశాక మనసు పీకింది, ఎందుకంటే ఆ వెంటనే డిసెంబరులో చెన్నై మునిగింది. సీటు బెల్టును ఆఖరి దాకా బయటికి లాగాను. పైన కొత్తదానిలా నల్లగా ఉంది. మామూలుగా ఎవరూ లాగని చివరి జానెడు మీద బురద రంగు గీత, తిన్నగా స్కేలు పెట్టి గీసినట్టు. డిక్కీలో స్టెప్నీ ఎత్తితే కింద తుప్పు, సీటు పట్టాల బోల్టుల మీదా అదే. "బీచ్‌కి పోయుంటారు సార్, ఇసుక" అన్నాడు బ్రోకర్. ఇసుకకు అంత తిన్నగా గీత గీయడం రాదు.

బెంగళూరులో చూసిన కారుకు సైలెన్సర్ మార్చి, ఇంజిను మ్యాపింగ్ (దాన్ని నడిపే సాఫ్ట్‌వేరు) మార్చి ఏడు లక్షలు చెప్పారు. దానికి తోడు వేరే రాష్ట్రం బండి తేవాలంటే కావాల్సిన ఎన్‌ఓసీ, మళ్లీ మన రాష్ట్రంలో లైఫ్ ట్యాక్స్. వదిలేశాను.

ఒంగోలు కారు గురించి చెప్పింది మా బావమరిది. గ్రానైట్ వ్యాపారం చేసే ఒకాయన కొడుకు కెనడా వెళ్తూ వదిలేసిన బండి. షెడ్డులో కవరు కప్పి ఉంది, కవరు మీద వేలితో పేరు రాయొచ్చు అన్నంత రాతి దుమ్ము. పెద్దాయన, "ముందు టీ తాగు అబ్బాయ్, తర్వాత చూద్దువు" అన్నాడు. ఆర్నెల్లలో పదిమంది దాకా వచ్చారట. పెట్రోలా, మైలేజీ ఎంత, కంపెనీ మన దేశంలో కార్లు ఆపేసిందంట కదా అని అడిగి, టీ తాగి వెళ్లిపోయారట.

అక్కడే నాకు బుర్ర వెలిగింది. ఇలాంటి కారు విలువ తెలిసినవాళ్లు చెన్నై, బెంగళూరుల్లో ఉంటారు కాబట్టి అక్కడ ధర దిగదు, దిగిందంటే బెల్టు మీద గీత ఉంటుంది. ఒంగోలు, కావలి, గూడూరు లాంటి ఊళ్లలో డీజిల్ కాకపోతే కన్నెత్తి చూడరు. పైగా అక్కడ ఇలాంటి బండిని ఎవరూ గెలికి ఉండరు.

పెద్దాయన 5.80 చెప్పాడు. నేను వంకలు పెట్టలేదు, టైరు పక్కన అచ్చు వేసిన నాలుగంకెలు చూపించాను. 3216 అంటే 2016లో 32వ వారం తయారీ. అరుగు బాగానే ఉంది గానీ పక్కలు చిన్న చిన్న నెర్రెలు బారాయి. బ్యాటరీ చచ్చింది. టైమింగ్ బెల్టు కిలోమీటర్లు తిరక్కపోయినా వయసును బట్టి మార్చాల్సిందే. అన్నీ కాగితం మీద కూడి 70 వేలు తగ్గించమన్నాను. "ఊరికే తగ్గించమని ఉంటే పొమ్మనేవాణ్ణి, లెక్క చెప్పావు కాబట్టి సరే" అన్నాడు. సర్వీసు బిల్లులు ఒక్కటి పోకుండా ఫైలులో పెట్టి ఉన్నాయి. మీటరు అంకెలు వాటితో సరిపోయాయి.

కాగితాల దగ్గర మాత్రం మూడు వారాలు టెన్షన్. ఏపీ 27, అంటే మన రాష్ట్రం బండే కాబట్టి ఎన్‌ఓసీ గొడవ లేదు, పేరు మార్పుకు 29, 30 ఫారాలు చాలనుకున్నాను. రవాణా శాఖ యాప్ ఎంపరివాహన్‌లో చూస్తే ఇంకా బ్యాంకు పేరు ఉంది. లోను ఎప్పుడో తీరింది గానీ ఆర్‌సీలో ఆ ఎంట్రీ తీయించలేదు. బ్యాంకు లెటరు, ఫారం 35 పెట్టి అది పోయేదాకా నేను 50 వేల అడ్వాన్సు మించి ఇవ్వలేదు. పెద్దాయన కాస్త ముఖం మాడ్చుకున్నాడు, ఆ తర్వాత సర్దుకున్నాడు. ఇన్సూరెన్సులో ఆయనకున్న నో క్లెయిమ్ బోనస్ (క్లెయిమ్ చేయనందుకు ఇచ్చే తగ్గింపు) మనకు రాదు, అది మనిషిది, బండిది కాదు. ఆ తేడా నేనే కట్టాను.

మొదటి ఏడాది ఖర్చు: టైర్లు 27,000, బ్యాటరీ 5,500, టైమింగ్ బెల్టు కిట్టు, వాటర్ పంపు కలిపి 19,000, సస్పెన్షన్ బుష్‌లు, లింకు రాడ్లు 14,000. మొత్తం 65,500. నేను గీచి గీచి తగ్గించిన డెబ్బై వేలలో నాకు మిగిలింది నాలుగున్నర వేలు!

ఇక నడపడం. రెండు వేల ఆర్‌పీఎం లోపు బద్ధకంగా ఉంటుంది. అది దాటిందా, సోమశిల గేట్లెత్తినట్టే. హైవే మీద లారీని దాటడానికి గేరు మార్చే పని లేదు. అసలు సరదా మాత్రం రాపూరు నుంచి చిట్వేలు పోయే ఘాట్‌లో, రెండు మూడు గేర్లలో. స్టీరింగ్‌లో రోడ్డు చేతికి తెలుస్తుంది. అదే కారు సాయంత్రం వీఆర్సీ సెంటర్లో ఇరుక్కుంటే క్లచ్చు తొక్కలేక ఎడమ మోకాలు పట్టేస్తుంది. ఊళ్లో లీటరుకు తొమ్మిది, హైవే మీద పదమూడు ఇస్తోంది. మైపాడుకు ఇద్దరం పోతే స్పీడు బ్రేకర్లు ఇబ్బంది లేదు, ఐదుగురం ఎక్కితే కింద గీరుకుంటుంది. వెనక సీటు గురించి మా ఆవిడ అనే మాటలు ఇక్కడ రాయలేను.

రోడ్డు మీద ఆగింది ఒక్కసారే, 2023లో సింగరాయకొండ దాటాక. భస్సుమని శబ్దం, ఆ తర్వాత ఎంత తొక్కినా లాగదు. టర్బో గొట్టం ఊడింది. రెండు రోజుల ముందు ఒక షెడ్డులో ఎయిర్ ఫిల్టరు మార్పించాను, వాళ్లు క్లాంపు బిగించలేదు. పక్కన లారీ మెకానిక్ బానెట్ కిందికి వంగి, "మన లారీకి ఉండేదే అన్నా ఇది, కాకపోతే బుడ్డది" అని స్క్రూడ్రైవరుతో బిగించి యాభై తీసుకున్నాడు.

ఇదే ఇంజిను తక్కువ శక్తితో ఫియట్ వాళ్ల ఇంకో కారు లీనియా టీ-జెట్‌లోనూ వచ్చింది కాబట్టి ఇంజిను సామాను తిరిగితే దొరుకుతుంది. బాడీ సామానుకే ఓపిక కావాలి. పార్కింగ్‌లో ఎవరో వెనక లైటు పగలగొట్టిపోతే, ఐదు వారాలు ఆగి కోయంబత్తూరు పాత సామాన్ల దుకాణం నుంచి తెప్పించాను. మళ్లీ కొంటావా అంటే కొంటాను, కానీ ఇంట్లో ఇంకో బండి ఉంటేనే.

పోయిన నెల అమ్ముదామా అనిపించి నలుగురికి చెప్పాను. కావలి నుంచి ఒకబ్బాయి వచ్చాడు. ముత్తుకూరు రోడ్డులో ఒక చుట్టు తిప్పి, నవ్వుకుంటూ దిగాడు. "మైలేజీ ఎంత అన్నా?" అన్నాడు. ఉన్నది చెప్పాను. నవ్వు పోయింది. టీ తాగి పొమ్మన్నాను.