వేన్నీళ్లు లేకుండా ఐస్ రింక్: రియల్‌ఐస్ పరికరం ఎంతవరకు పనికొస్తుంది?

స్వీడన్‌లోని మాల్మోకు చెందిన వాట్రెకో కంపెనీ రియల్‌ఐస్ పేరుతో ఒక సుడి పరికరం అమ్ముతోంది. దీంట్లో తిరిగే భాగాలు లేవు. కరెంటు అక్కర్లేదు, మందులు కలిపే పని లేదు. పైపులో వచ్చే ఒత్తిడికే నీళ్లు లోపల గిర్రున తిరుగుతాయి. సుడి నడిమధ్యన ఒత్తిడి బాగా పడిపోవడంతో నీళ్లలో కరిగి ఉన్న గాలి బుడగలు కట్టి విడిపోతుంది. అలా గాలి పోయిన నీళ్లను కాచకుండానే స్కేటింగ్ చేసే ఐస్ రింకు మీద పోయవచ్చన్నది కంపెనీ మాట. ఆ మాటను తూచాలంటే అసలు రింకుల్లో వేన్నీళ్లు ఎందుకు పోస్తున్నారో ముందు తెలియాలి.

1949లో కాలిఫోర్నియాలోని పారామౌంట్‌లో ఫ్రాంక్ జాంబోనీ, స్కేట్లు గీరిన ఐస్‌ను మళ్లీ నున్నగా చేసే తన మొదటి యంత్రాన్ని నడిపించాడు. నేటి యంత్రాల పనీ దాదాపు అదే. బ్లేడు పైపొరను చెక్కుతుంది. మరలు ఆ పొడిని లాగి డబ్బాలోకి ఎత్తిపోస్తాయి. కడిగే నీళ్లు గాట్లలోని మురికిని లేపితే పంపు దాన్ని పీల్చేస్తుంది. చివర్లో వెనక వేలాడే టవల్ కొత్త నీళ్లను పలచగా పరుస్తుంది. ఈ చివరి నీళ్లనే చాలా రింకుల్లో 60 నుంచి 70 డిగ్రీల సెల్సియస్ వరకు కాచి పోస్తారు.

వేన్నీళ్లు త్వరగా గడ్డకడతాయి కాబట్టే ఇలా చేస్తారని చాలామంది నమ్మకం. అది తప్పు. రింకు మీద వేన్నీళ్లు గడ్డకట్టడానికి ఎక్కువ సేపే పడుతుంది, ఆ ఆలస్యమే మనకు కావలసింది. ఆ కాస్త వ్యవధిలో మూడు పనులు జరుగుతాయి. ఒకటి, గాలి. 10 డిగ్రీల నీళ్లు లీటరుకు 11 మిల్లీగ్రాముల దాకా ఆక్సిజన్ పట్టి ఉంచగలవు; 60 డిగ్రీల దగ్గర 5 మిల్లీగ్రాములకు లోపే. గాలి ఎక్కువున్న నీళ్లు గడ్డకడితే ఐస్ తెల్లగా, బోలుగా, పెళుసుగా తయారవుతుంది. రెండు, పారుడు. 10 డిగ్రీల నీళ్ల చిక్కదనం 65 డిగ్రీల నీళ్లకు మూడు రెట్లు. పలచటి వేన్నీళ్లు స్కేటు గాట్ల అడుగు దాకా దిగుతాయి. మూడు, అతుకు. ఇదే అన్నిటికన్నా ముఖ్యం, కొనేవాళ్లు మరిచిపోయేదీ ఇదే.

లెక్క కట్టి చూద్దాం. ఉత్తర అమెరికా కొలతల రింకు పొడవు 200 అడుగులు, వెడల్పు 85 అడుగులు. 500 లీటర్లు పోస్తే పొర మందం మిల్లీమీటరులో మూడో వంతు ఉంటుంది. ఆ నీళ్లు 65 డిగ్రీలవైతే, సున్నాకు చల్లారేలోపు వదిలే వేడితో లెక్క ప్రకారం 400 కిలోల ఐస్ కరగాలి. కొంత ఆవిరై పోయినా, కొంత కింది ఐస్‌ను వెచ్చబెట్టడానికే సరిపోయినా, పాత ఐస్ పైపొర కరిగి కొత్త నీళ్లతో కలిసి ఒకే గడ్డగా పేరుకుంటుంది. అదే 10 డిగ్రీల నీళ్లయితే 63 కిలోలకు మించి కరిగించలేవు. పాత పొర మీద కొత్త పొర అట్టముక్క అతికించినట్టు ఉండిపోతుంది. ఐస్ హాకీ ఆటగాడు గట్టిగా ఆగినప్పుడు పెచ్చులు లేచేది అందుకే.

ఇప్పుడు రియల్‌ఐస్ సంగతి. ఈ మూడింటిలో గాలి పనిని అది సూటిగా చేస్తుంది. పోసిన పొర గాజులా తేటగా, గట్టిగా రావడానికి ఆ ఒక్కటీ చాలా సాయం. పారుడులో మాత్రం మూడు రెట్ల తేడాను పూడ్చలేదు. అతుకు విషయంలో అసలేమీ చేయలేదు. వేడి లేకుండా ఐస్ కరగదు కదా. ఆ లోటును బ్లేడుతో, ఐస్ ఉష్ణోగ్రతతో తీర్చుకోవలసింది యంత్రం నడిపేవాళ్లే. పరికరం బిగించి పాత అలవాటులోనే నడిపితే ఫలితం నిరాశగానే ఉంటుంది.

ఆదా మాత్రం నిజమే. 500 లీటర్లను 10 నుంచి 65 డిగ్రీలకు కాచడానికి 32 యూనిట్ల (కిలోవాట్-గంటల) వేడి కావాలి. అదే 32 యూనిట్లను మళ్లీ శీతల యంత్రం బయటికి లాగెయ్యాలి. అందుకు మరో 10, 11 యూనిట్ల కరెంటు. రోజుకు ఎనిమిది సార్లు పోసే రింకులో కాచడానికే 256 యూనిట్లు, శీతల యంత్రానికి మరో 85 దాకా మిగులుతాయి. లేచే ఆవిరీ తగ్గుతుంది కనుక లోపల పొగమంచు, కప్పు నుంచి చుక్కలు కారడం, తేమ తీసే యంత్రం మీద బరువు తగ్గుతాయి. అయితే కంప్రెసర్ వదిలే వేడితోనే నీళ్లు కాచుకునే రింకుల్లో మొదటి లెక్క చాలావరకు ఎగిరిపోతుంది. అలాంటి ఏర్పాటు ఇప్పటికే ఉన్నవాళ్లు తొందరపడి కొనొద్దు. గ్యాసు బాయిలర్‌తో కాచేవాళ్లు తప్పక ఆలోచించాలి.

మారేటప్పుడు ఒక్కసారిగా చన్నీళ్లకు దిగొద్దు. వారానికి 10 డిగ్రీల చొప్పున తగ్గించుకుంటూ రావడం మేలు. ఇక్కడ ఒక ప్రమాదం ఉంది. వేన్నీళ్ల ట్యాంకు థర్మోస్టాట్‌నే 40కి దించితే, న్యుమోనియా తెచ్చే లెజియొనెల్లా బ్యాక్టీరియా పెరగడానికి అంతకన్నా అనువైన చోటు ఉండదు. ట్యాంకును 60 డిగ్రీల దగ్గరే ఉంచి, యంత్రంలోకి నింపే చోట మిక్సింగ్ వాల్వుతో చన్నీళ్లు కలపాలి. పూర్తిగా మారాక పాత ట్యాంకును ఖాళీ చేసి, నీళ్లు నిలిచిపోయే పైపు ముక్కల్ని కూడా కోసెయ్యాలి.

బ్లేడు పదును మునుపటికన్నా ముఖ్యమవుతుంది. వేన్నీళ్లు బ్లేడు చేసిన తప్పుల్ని కరిగించి సర్దేస్తాయి, చన్నీళ్లు వాటిని అలాగే అచ్చుపోస్తాయి. గాట్లు పోయేదాకా చెక్కి, పొడి ఏమాత్రం మిగలకుండా ఎత్తాలి. మిగిలిన పొడి మీద చన్నీళ్లు పడితే అక్కడ తెల్లటి మచ్చ, దాని మీద పెచ్చు. నీళ్లు కూడా తగ్గించాలి. ఐస్ మరీ చల్లగా ఉన్నా చిక్కే: ఉపరితలం మైనస్ 6 కన్నా దిగితే చన్నీళ్లు సర్దుకునేలోపే బిగుసుకుని టవల్ చారలు మిగులుతాయి. ఫిగర్ స్కేటింగ్‌కు ఎలాగూ మైనస్ 3, 4 దగ్గర ఉంచుతారు కాబట్టి అక్కడ ఈ పద్ధతి తేలిగ్గా కుదురుతుంది. హాకీకి మైనస్ 5 దగ్గర మొదలుపెట్టి చూడాలి. టవల్‌ను ప్రతిసారీ పిండి, వెచ్చటి గదిలో వేలాడదీయకపోతే అట్టకట్టి ఐస్‌ను గీరుతుంది.

నింపిన నీళ్లను గంటల తరబడి ట్యాంకులో ఉంచినా లాభం లేదు. అవి మళ్లీ గాలిని పీల్చుకుంటాయి. పోసే ముందే నింపాలి. పైపులో ఒత్తిడి తక్కువైతే సుడి బలహీనపడుతుంది, కాబట్టి కొనే ముందు నింపే చోట, రింకులో మిగతా కుళాయిలన్నీ నడుస్తున్నప్పుడు, ఒత్తిడి కొలిచి ఆ అంకె కంపెనీకి పంపాలి.

ఇంకొక మాట, లవణాల గురించి. ఈ పరికరం వాటిని ముట్టుకోదు. బోరు నీళ్లు కాచిన గిన్నెకు తెల్లటి పొర పట్టడం మన ఇళ్లలో చూసేదే. అలాంటి నీళ్లు పోస్తే ఐస్ మెత్తబడి, మసకబారుతుంది. సాఫ్ట్‌నర్ పెట్టినా తీరదు, అది కాల్షియం తీసి ఆ స్థానంలో సోడియం వదులుతుంది, మొత్తం లవణాలు తగ్గవు. ఆర్‌ఓ మంచి దారి. అదీ ముందు ఆర్‌ఓ, ఆ తర్వాత సుడి పరికరం, మధ్యలో కావలసిన ఒత్తిడికి పంపు.

పిల్లల క్లాసులు, ప్రజల స్కేటింగ్, రోజువారీ సాధన జరిగే రింకులకు మా ఓటు దీనికే. పోటీలు నడిచే రింకుల్లో మాత్రం వేన్నీళ్ల ఏర్పాటును పీకెయ్యకూడదు. లోతుగా చెక్కి మరమ్మతు చేసిన చోట్ల, అంచుల్లో, గోల్ ముందు పడే గుంతల్లో వేడికి మారు లేదు. మారిన మొదటి నెలంతా ఆట ముగిశాక గోల్ ముందరి ఐస్‌ను చేత్తో తడిమి చూడండి. మెత్తటి పొడి రాలితే పొర బాగా అతికినట్టు. గోరంత పలకలు లేస్తుంటే ఆ రాత్రే ఆ పొరను చెక్కేసి, ఒకసారి వేన్నీళ్లు పోసి, మర్నాడు 10 డిగ్రీలు ఎక్కువ నుంచి మళ్లీ మొదలుపెట్టండి.