నంబరు లేని తుపాకీకి ఏ చట్టం మేలు?

21 నిమిషాలు. అమెరికాలో పాలిమర్80 సంస్థ అమ్మిన విడిభాగాల పెట్టెను ముందెన్నడూ చూడని మనిషి, మామూలు పనిముట్లతో, యూట్యూబ్ చూసుకుంటూ పిస్తోలు బిగించడానికి పట్టిన సమయం ఇంతే. 2025 మార్చిలో ఆ దేశ సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పులో ఈ లెక్క ఉంది. దుకాణంలో కొంటే తుపాకీ మీద నంబరు ఉండాలి, కొనేవారి పూర్వాపరాలు చూడాలి. విడిభాగాల పెట్టె అంటే తుపాకీ కాదన్న సాకుతో అమ్మకందారులు రెండింటినీ ఎగ్గొట్టారు. ఆచూకీ తేల్చమని పోలీసులు పంపిన ఇలాంటి తుపాకులు 2017లో సుమారు 1,600, 2021లో 19,000 పైచిలుకు. ఆ పెట్టెలనూ తుపాకులుగానే చూడాలని 2022లో ప్రభుత్వం నిబంధన తెచ్చింది. కోర్టు 7-2తో దాన్ని నిలబెట్టింది.

జపాన్‌లో అసలు తుపాకీ దొరకడమే గగనం. అయినా 2022 జూలై 8న నారా నగరంలో మాజీ ప్రధాని షింజో అబేను చంపింది ఇంట్లో చేసిన తుపాకీయే. రెండు గొట్టాలు, చుట్టూ నల్ల టేపు. చట్టాలు దండగ అనేవారు చూపించేది ఆ తుపాకీ ఫోటోనే. అంతకుముందు ఏడాది ఆ దేశం మొత్తంలో జరిగిన కాల్పులు 10, పోయిన ప్రాణం ఒకటి అన్న సంగతి మాత్రం వారు ఎత్తరు. పంతం పట్టిన ఒంటరివాణ్ని ఏ చట్టమూ పూర్తిగా ఆపలేదు, నిజమే. కానీ అబేను చంపినవాడు అన్నీ తన చేతులతో చేసుకోవలసి వచ్చింది. పెట్టె తెప్పించుకుని 21 నిమిషాల్లో బిగించినవాడితో అతణ్ని ఒకే గాట కట్టడం నాకు నచ్చదు.

మన చట్టం అమెరికా చట్టం కంటే చాలా గట్టిది. లైసెన్సు లేకుండా తుపాకీ చేస్తే కనీసం ఏడేళ్లు, గరిష్ఠంగా యావజ్జీవం అని 2019 సవరణ చెబుతోంది. అయినా 18వ శతాబ్దపు బెంగాల్ నవాబు మీర్ ఖాసిం కాలం నుంచి తుపాకుల పని తెలిసిన బిహార్‌లోని ముంగేర్‌లో దొంగ కొలిములు ఆరలేదు. శిక్ష పెంచడం తేలిక, కొలిమి వెతకడం కష్టం.

అందుకే నా ఓటు జపాన్ పద్ధతికి, అదీ ముఖ్యంగా తూటాల విషయంలో. అక్కడ వేటగాడు ప్రతి తూటాకూ లెక్క చెప్పాలి. తపంచాను, అంటే నాటు పిస్తోలును, ఏ మూల షెడ్డులోనైనా చేయవచ్చు, నమ్మకంగా పేలే తూటాను చేయడం అంత తేలిక కాదు. మన దగ్గర పట్టుబడే తపంచాల్లో .315 బోర్‌వి (బోర్ అంటే గొట్టం లోపలి కొలత) చాలా ఉంటాయి. లైసెన్సు ఉన్నవారి రైఫిల్‌లో పట్టే తూటా వాటిలోనూ పడుతుంది. అది షెడ్డు దాకా ఎవరి పెట్టెలోంచి వచ్చిందో ముందు అడగాలి.